మూడొందల లోపు వాడికి నోరు లేదు

బర్ల్ హాగూడ్ గారి లెక్కలో మనుషులు రెండే రకాలు: మూడు వందల పౌన్లు తూగేవాళ్ళు, తూగనివాళ్ళు. తూగనివాళ్ళు మనుషుల కిందికే రారు. తూగేవాళ్ళకి బుర్ర ఉండదు. ఇక మిగిలింది ఎవరయ్యా అంటే ఆయనగారొక్కడే. చక్కెర జబ్బు పట్టుకున్నాక ఆయన బరువు రెండు వందల పది దాటలేదన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవారు కారు.

దక్షిణ జార్జియాలో, ఏప్రిల్ వచ్చిందంటే పైన్ చెట్ల పుప్పొడి కార్ల మీద పసుపు చల్లినట్టు పడే ఊళ్ళో, టార్లో కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి ఆయన ఇరవయ్యేడేళ్ళుగా లైన్ కోచ్. ఈల మెళ్ళోంచి తీసేవాడు కాదు, చర్చికి కూడా దాంతోనే వచ్చేవాడు. లైన్ అంటే ముందు వరసలో వంగి నిలబడే ఐదుగురు భారీ కుర్రాళ్ళు. బంతి పట్టుకుని పరిగెత్తే యోగం వాళ్ళకి లేదు, పేపర్లో పేరు పడే యోగం అసలే లేదు. ఎదుటివాణ్ణి తోసి, వెనకాల నిలబడి బంతి విసిరే పెళ్ళికొడుకు చొక్కా నలగకుండా చూడడమే వాళ్ళ పని. ఊళ్ళో జనం శనివారం వాళ్ళని ఆకాశానికెత్తేస్తారు, ఆదివారం చర్చిలో బెంచీ సగం వాళ్ళే ఆక్రమించారని సణుగుతారు.

వసంతంలో వాళ్ళకి సాధన పదిహేను రోజులు. ఆ పదిహేను రోజుల్లోనే కుర్రాళ్ళని మేపి, వంచి, లైన్‌కి పనికొచ్చేలా చెయ్యాలి. ఊళ్ళో దాణా కొట్టు మూతపడ్డప్పుడు బర్ల్ అక్కడి కాటా మోయించుకొచ్చి లైన్ గదిలో పెట్టుకున్నాడు. కోళ్ళ దాణా బస్తాలు తూచిన కాటా అది. ప్రతి గురువారం ఒక్కొక్కణ్ణీ దాని మీదికి ఎక్కించి, బరువు పైకి చదివేవాడు. మూడు వందలు దాటినవాడికి కుర్చీ. దాటనివాడు నేల మీద కూర్చోవాలి, నోరు మెదపకూడదు, మైదానంలో మోకాళ్ళ మీద కూర్చుని మిగతావాళ్ళకి బంతి పట్టాలి. అదీ ఆయనగారి చట్టం.

"మూడొందల లోపు వాడికి నోరెందుకురా? ముందు పొట్ట పెంచు, గొంతు తర్వాత పెంచుదువు గాని," అనేవాడు.

ఆ వసంతంలో నేల మీద కూర్చున్నవాడు ఒక్కడే, థెరన్ మాబ్రీ. ఇరవై ఏళ్ళవాడు. తండ్రికి కోళ్ళ షెడ్లున్నాయి. ఒడ్డూ పొడుగూ బాగానే ఉన్నా బరువు రెండు వందల అరవై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. పొద్దున్నే డజను గుడ్లు, గిన్నెడు మొక్కజొన్న గ్రిట్స్, గ్రేవీలో ముంచిన బిస్కెట్లు తినేవాడు. పడుకోబోయే ముందు సీసాలోంచి పీనట్ బటర్ గరిటెతో తినేవాడు. ఏం లాభం, ఒంటికి పడితేనా?

"మీ ఇంట్లో కోళ్ళకి తప్ప ఎవరికీ తిండి పెట్టరేంట్రా?" అని బర్ల్ కాటా దగ్గర అడిగితే కుర్చీల్లో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. అందరికంటే గట్టిగా నవ్వేవాడు డెక్స్ ఫానిన్. మూడు వందల ముప్ఫై ఒక్క పౌన్లు. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు. బర్ల్‌కి ముద్దుబిడ్డ వాడే.

జట్టుకి కొత్తగా వచ్చిన పెద్ద కోచ్ రీస్ కాల్డర్, ముప్ఫై ఆరేళ్ళవాడు. మార్చిలోనే బర్ల్‌ని గదికి పిలిచి సంగతి తేల్చేశాడు.

"బర్ల్, నాలుగేళ్ళ ఆటల వీడియోలూ కూర్చుని చూశాను. మన లైన్ కదలకముందే అవతలివాళ్ళు మనం పోబోయే చోట తయారుగా ఉంటున్నారు. వసంతం చివర మనలో మనం ఆడుకునే ఆట ఉంది కదా. మీ ఐదుగురూ మన రెండో జట్టు కుర్రాళ్ళని తొయ్యలేకపోతే, ఆగస్టు నుంచి లైన్ ఇంకొకరికి ఇచ్చేస్తాను. మీరు ఆఫీసులో ఉత్తరాలు చూసుకుందురు గాని."

"నేను ఈ ఈల మెళ్ళో వేసుకున్ననాడు నీకు నిక్కరు జారిపోతుండేది రా," అని బర్ల్ అనబోయి మింగేశాడు. వరండాలోకి వచ్చాక గోడతో అన్నాడు. ఈల పోతే ఆయనకి ఇంకేం లేదు. అది ఆయనకీ తెలుసు, ఊరికీ తెలుసు.

అయినా మారాడా? మారితే బర్ల్ ఎందుకవుతాడు? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఆయన విద్య అంతా చేతిలో ఉంది. వంగి నిలబడ్డప్పుడు కుడిచెయ్యి నేలకి ఆనించాలి, ఒంటి బరువంతా గోళ్ళు తెల్లబడేదాకా దాని మీదే వెయ్యాలి. వరస వెంబడి నడుస్తూ ఆ చేతిని బూటుతో తన్నేవాడు. మొహం నేలకి కొట్టుకుంటే మంచి లైన్‌మన్ అన్నమాట. పడకపోతే దొంగ. థెరన్ ఎన్నిసార్లు తన్నినా పడలేదు.

"చెయ్యి పెట్టమంటే టీ కప్పు పట్టుకున్నట్టు పెడతావేంట్రా! ఫో, పోయి బంతి పట్టు!"

రెండో వారంలో ఒకరోజు థెరన్ టోపీ చేత్తో పట్టుకుని ఆయన గది గుమ్మంలో నిలబడ్డాడు.

"కోచ్, ఒక్క మాట. మన చేతుల గురించి..."

"నీ బరువెంత?"

"రెండొందల డెబ్బై, కోచ్."

"అయితే నీ మాట ఇంకా ముప్ఫై పౌన్ల దూరంలో ఉంది. అప్పుడు రా."

"మీ మంచికే చెబుతున్నా, కోచ్."

"నా మంచీ చెడ్డా చూడడానికి కోళ్ళ షెడ్డులోంచి దిగొచ్చావా? తలుపేసి పో."

వాడు తలుపు వేసి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర బర్ల్ ఇదంతా డెక్స్ వాళ్ళకి అభినయించి చూపించాడు. వాళ్ళూ నవ్వారు గానీ, ఆ నవ్వులో పస లేదు. అది పట్టించుకునే తీరిక ఆయనకెక్కడిది?

ఏప్రిల్ మూడో శనివారం ఆట జరిగింది. ఊరంతా వచ్చింది. పంది మాంసం కాలుతున్న పొగ, ఉడకబెట్టిన వేరుశనక్కాయల తొక్కలు, చల్లటి తీపి టీ. బర్ల్ ఐదుగురూ చేతులు నేలలో పాతేసినట్టు వంగారు. అంతే, బంతి కదలకముందే రెండో జట్టు కుర్రాళ్ళు సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడికి జరిగారు. బంతితో దూసుకుపోయే పరుగు ఆటైతే మధ్యలోకి మూగారు, బంతి విసిరే పాస్ అయితే పక్కలకి విడిపోయారు. ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. డెక్స్ వెల్లకిలా పడ్డ తాబేలులా కాళ్ళు కొట్టుకుంటుంటే గ్యాలరీ మెట్ల మీద ఆడవాళ్ళు చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. కాల్డర్ కాగితం మీద ఏదో రాసుకున్నాడు, బర్ల్ వైపు చూడలేదు.

విరామంలో బర్ల్ లైన్ గది తలుపు దభాలున మూశాడు.

"ఎవడ్రా మన సైగలు అమ్ముకుంది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు కుర్చీల్లో ఐదుగురూ ఇబ్బందిగా కదిలారు.  బర్ల్ చూపు నేల మీద కూర్చున్న థెరన్ మీద పడింది. గుమ్మం, టోపీ గుర్తొచ్చాయి.

"మాబ్రీ. ఆవేళ ఏదో చెప్పబోయావు. ఏంటది?"

థెరన్ కాటా వైపు చూశాడు.

"చెప్పరా!"

"రెండొందల డెబ్బై ఒకటి, కోచ్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బయట బ్యాండు వాళ్ళు వాయిస్తున్నారు. బర్ల్ మింగలేక కక్కలేక ఈల నలిపాడు.

"సరే. చట్టం ఎత్తేశాను. చెప్పు."

"గోళ్ళు, కోచ్. పరుగు ఆటకి బరువంతా చేతి మీద వేస్తాం, గోళ్ళు తెల్లబడతాయి. పాస్‌కి వెనక్కి జరగాలి కదా, మాకు తెలీకుండానే చెయ్యి తేలికైపోతుంది, గోళ్ళు తెల్లబడవు. మోకాళ్ళ మీద కూర్చుని బంతి పట్టేవాణ్ణి, నాకు కళ్ళెదురుగానే కనపడేవి. అవతల వంగినవాళ్ళకీ అంతే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మా మావయ్య ఇరవై రెండేళ్ళ కిందట పింకర్డ్‌కి ఆడాడు. టార్లోతో ఆటంటే గోళ్ళు చూడండ్రా అని వాళ్ళకి అప్పుడే చెప్పేవారట."

పింకర్డ్ అంటే పక్క జిల్లా కాలేజీ. పుట్టు పగవాళ్ళు. బర్ల్‌కి తల కొట్టేసినట్టయింది. కుర్చీల వైపు తిరిగాడు.

"మీకూ తెలుసా?"

"వీడు మొదటి వారమే చెప్పాడు, కోచ్," అన్నాడు డెక్స్.

"మరి చెప్పి చావలేదేం? నీకు నోరుంది కదరా!"

"మీరు మమ్మల్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు, కోచ్."

రెండో సగంలో అందరూ చేతులు తేలిగ్గా పెట్టారు. డెక్స్ చోట్లో థెరన్ దిగాడు. మరి చూడాలి తమాషా! రెండో జట్టు కుర్రాళ్ళు ఎటు జరగాలో తెలీక గుంజాటన పడుతుంటే, వీళ్ళు మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి మూడుసార్లు తోసుకుపోయారు. జనం లేచి నిలబడ్డారు.

ఆట అయిపోయాక కాల్డర్ పరుగున వచ్చాడు. "బర్ల్! విరామంలో ఏం మార్చారు?"

వెనకాల కుర్రాళ్ళందరూ ఉన్నారు. ఒక్క మాట చాలు: ఈ కుర్రాడు చెప్పాడు అంటే చాలు. నోటి ముత్యాలు రాలిపోవు కదా! ఆయనగారేమన్నాడంటే:

"మార్చేదేముంది? మొదటి సగం వీళ్ళకి బుద్ధి చెబుదామని వదిలేశాను. చెయ్యి తేలిగ్గా పెట్టండ్రా అని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నా. వింటేగా ఈ ఎద్దులు!"

కాల్డర్ చెయ్యి కలిపి, "లైన్ మీదే," అన్నాడు. ఛీ, ఇరవయ్యేడేళ్ళ పెద్దరికం చివరికి ఇరవయ్యేళ్ళవాడి మాట దొంగిలించి నిలబడింది.

తర్వాతి గురువారం కాటా మళ్ళీ మామూలే. థెరన్ ఎక్కాడు.

"రెండొందల డెబ్బై మూడు. ఇంకా ఇరవయ్యేడు. నేల మీదికి ఫో," అన్నాడు బర్ల్.

థెరన్ కాటా దిగాడు, నేల మీద కూర్చోలేదు. తలుపు తీసుకుని బయటికి నడిచాడు. జూన్ నాటికి వాడి పేరు పింకర్డ్ జట్టు జాబితాలో ఉంది.

అక్టోబరులో పింకర్డ్ వాళ్ళు ఆటకి వచ్చారు. థెరన్ ఇప్పుడు ఎదుటి పక్షాన, టార్లో లైన్‌కి సరిగ్గా ముఖాముఖి వంగి ఉన్నాడు. బరువెంతో ఎవరికీ తెలీదు, అక్కడ ఎవరూ అడగలేదట. మొదలైన క్షణం నుంచి వాడి నోరు మూతపడితే ఒట్టు.

"డెక్స్ కుడికాలు వెనక్కెళ్ళింది! పాస్! పాస్!"

పాసే. "ఇప్పుడు రెండు కాళ్ళూ సమానం, పరుగు!" పరుగే. నేల మీద కూర్చోబెట్టిన రోజుల్లో వాడు గోళ్ళొక్కటే చూశాడనుకున్నాడు పాపం బర్ల్. ఐదుగురూ ఒకరి మీద ఒకరు కూలుతుంటే బర్ల్ మైదానం గీత పక్కన ఎగిరెగిరి పడ్డాడు.

"ఎవడ్రా వాడికి చెప్పింది?"

పెదవి చిట్లి రక్తం కారుతూ డెక్స్ బయటికొచ్చాడు. "ఎవరూ చెప్పక్కర్లేదు, కోచ్. వాడికి మనవన్నీ తెలుసు."

వెనకాలే ఉన్న కాల్డర్ ఆగాడు. "అన్నీ తెలిసిన కుర్రాడు మనల్ని వదిలి ఎందుకు పోయాడు?"

బర్ల్ నోరు తెరవబోయాడు. డెక్స్ అడ్డొచ్చాడు.

"గోళ్ళ సంగతి బయటపెట్టింది వాడే, పెద్ద కోచ్. ఈయనకి చెప్పడానికి గుమ్మం దాకా వెళ్తే బరువెంతని అడిగి పంపేశారు. ఆట గెలిచాక మీతో తనే చెప్పానన్నారు. మేమందరం అక్కడే ఉన్నాం. ఎవరం నోరెత్తలేదు." చిట్లిన పెదవి తుడుచుకున్నాడు. "సిగ్గుగా ఉంది."

డెక్స్ ఫానిన్‌కి మాట్లాడే హక్కు మూడేళ్ళుగా ఉంది. వాడుకోవడం ఆ శనివారమే మొదలు.

కాల్డర్ అరవలేదు. చెయ్యి చాపాడు. బర్ల్ తేలు కుట్టిన దొంగలా మెళ్ళోంచి ఈల తీసి ఆ చేతిలో పెట్టాడు. బెంచీ మీద చోటుంది గానీ కుర్రాళ్ళు ఎవరూ జరగలేదు. ఆయన గీత పక్కన గడ్డి మీద కూలబడ్డాడు. అక్కణ్ణుంచి చూస్తే అందరి చేతులూ, అందరి కాళ్ళూ స్పష్టంగా కనపడుతున్నాయి. లేవమని ఆయనతో ఎవరూ అనలేదు.