బోధన్ చెరకు రైతు చేతి మీది మచ్చ

1978 వేసవిలో నన్ను బోధన్‌లోని ఒక సర్కారు దవాఖానాకు సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. వారానికి రెండు రోజులు చర్మరోగుల ఓపీ నాదే. మా జిల్లాలో మచ్చ కనబడితే చాలు, రోగి చేత కళ్లు మూయించి దూదిపోగుతో తాకి, స్పర్శ తెలుస్తోందో లేదో చూసేవాళ్లం. కుష్టు భయం అంత ఉండేది.

వానలు మొదలయ్యాక గంగారాం అనే చెరకు రైతు తన అక్క రాజవ్వతో వచ్చాడు. కుడిచేతి వేళ్ల మొదట్లో గరుకు మచ్చ. "డిచ్‌పల్లికి పంపుతరా సారు?" అని రాజవ్వ అడిగింది. కుష్టు ఆసుపత్రి అక్కడే ఉంది. దూదితో తాకాను; తాకిన చోటల్లా సరిగ్గా చూపించాడు. కుష్టు కాదన్నాను. చెరకాకు కోసి ఉంటుందని పూతమందు రాసి పంపాను. ఆమె దండం పెట్టింది. నాకూ గర్వంగానే అనిపించింది, దాచుకోవడమెందుకు.

మూడు నెలలకు వాళ్లు మళ్లీ వచ్చేసరికి మచ్చ గడ్డలా పెరిగి పుండయింది. ఏమైనా మాత్రలు వాడుతున్నావా అని అప్పుడడిగాను. ఐదేళ్ల కింద మద్రాసు వైపు ఓ ఆసుపత్రిలో అక్క కిడ్నీ తనకు పెట్టారట. శరీరం దాన్ని తిప్పికొట్టకుండా రోజూ మాత్రలు మింగుతున్నాడట. పుండు నుంచి చిన్న ముక్క తీసి హైదరాబాదుకు పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది.

కిడ్నీ మార్చిన డాక్టరుకు ఉత్తరం రాశాను. ఆ మాత్రలు రోగాలను ఆపే ఒంటి కాపలాను తగ్గిస్తాయి, కొందరికి చర్మ క్యాన్సర్ రావచ్చు, ఎవరికన్నది ముందుగా చెప్పలేమని జవాబు. ఎండ వల్లనా? అదే ఎండలో జీవితమంతా చెరకు నరికిన గంగారాం తండ్రి చేతులు శుభ్రంగా ఉన్నాయి. మాత్రల వల్లనేనా? అవి వాడే మనిషిని చూడడమే నాకు మొదటిసారి, ఎవరితో పోల్చను?

"గోలీలు బంద్ జేస్తే నేనిచ్చిన కిడ్నీ పోతది, జెయ్యకుంటే పుండు పెరుగుతది. ఏం జెయ్యాలె సారు?" అంది రాజవ్వ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెలియదమ్మా అన్నాను. "మీకే ఎరుక లేకుంటే మాకేం ఎరుకైతది" అందామె. "ఊకో అక్కా, సారు ఏం జేస్తడు" అని గంగారామే సర్దిచెప్పాడు. సిగ్గేసింది.

చివరికి కిడ్నీ మార్చిన ఆసుపత్రిలోనే మాత్రల మోతాదు తగ్గించి, ఆపరేషన్ చేసి రెండు వేళ్లు తీసేశారు. కిడ్నీ నిలిచింది.

ఆ జబ్బు ఎవరికి వస్తుందో ముందే పసిగట్టడం అప్పట్లో నా వల్ల అయ్యే పని కాదు. ఏ మాత్రలు మింగుతున్నావని మొదటి రోజే అడగడం మాత్రం అయ్యేదే. కుష్టు కాదని తేల్చినంత మాత్రాన రోగం తేలినట్టు కాదు. ఆ పాఠం నాది, పోయిన వేళ్లు గంగారాంవి.