కోటేష్ గారి ముగ్గురు అమ్మలు

లక్ష్మీనరసింహం గారిని మీరు ఒక్కసారైనా కలిసి తీరాలి. కాకపోతే నమస్కారం పెట్టిన అరనిమిషంలో మీ మేనమామ పేరు చెప్పాల్సి వస్తుంది. మనిషి కనబడితే వరస కలపందే ఆయనకి ముద్ద దిగదు.

మంగళగిరిలో ఒక జర్మన్ కంపెనీ ఆఫీసుకి ఆయన హెచ్.ఆర్. మేనేజరు. ఉద్యోగానికొచ్చిన ఆశ్రిత ఇంటర్వ్యూలో ఎంబీఏ మార్కులు చూపించబోతే ఫైలు పక్కన పెట్టేశారు.

"అవెక్కడికి పోతాయిలే అమ్మా. మీ అమ్మమ్మగారిది ఏ ఊరు?"

"పర్చూరండీ."

"పర్చూర్లో ఎవరి తాలూకు?"

పదో నిమిషానికి ఆశ్రిత ఆయనకి మేనకోడలు, పదకొండో నిమిషానికి అసిస్టెంటు.

హాంబర్గ్‌లో ఉండే పెద్ద మేడం క్లారానీ వదల్లేదు. మొదటి వీడియో కాల్లోనే, "మీ అమ్మగారికి అక్కచెల్లెళ్ళు ఎంతమంది మేడం?" అన్నారు. ఆవిడ ఫిర్యాదు రాసింది. పరాయి దేశాలవాళ్ళతో ఎలా మాట్లాడాలో నేర్పే నాలుగు గంటల ఆన్‌లైన్ క్లాసు ఆయన నెత్తిన పడింది. పరీక్షలో నూటికి తొంభై ఆరు తెచ్చుకుని, పాఠం చెప్పినాయన్ని మేనమామలెంతమందని అడిగారు.

అసలు గొడవ సెలవు ఫారంతో వచ్చింది. అమ్మ, నాన్న, భార్య, భర్త, పిల్లలు. వీళ్ళలో ఎవరైనా పోతే అయిదు రోజులిస్తారు. మిగతా చుట్టాలకి ఒక్క పూట కూడా లేదు.

సింగరాయకొండలో పెద్దమ్మ బసవమ్మ పోయిన రోజు, ఆఫీసులో పనిచేసే కోటేష్ ఎర్రబడ్డ కళ్ళతో వచ్చాడు.

"ఇందులో పెద్దమ్మ లేదు సార్."

"నిన్నెవర్రా పెంచింది?"

"ఆవిడే సార్."

"మరింకేం. జరుగు, నేను కొడతా."

కంప్యూటర్లో 'సంబంధం' గడిలో 'అమ్మ' అని కొట్టారు. అలా మూడేళ్ళలో ఆ ఆఫీసులో పిన్నులు అమ్మలైపోయారు, పెదనాన్నలు నాన్నలైపోయారు. ఆశ్రిత బాబాయి పోయినప్పుడు ఆయనా నాన్నే అయ్యాడు. చివరికి హాంబర్గ్ కంప్యూటర్‌కి అనుమానమొచ్చింది.

"మిస్టర్ కోటేష్ అమ్మగారు రెండుసార్లు చనిపోయారు," అంది క్లారా తెర మీద.

"ఆవిడ గుండ్రాయిలా ఉన్నారు మేడం. పోయింది పెద్దమ్మ, పిన్ని."

"అతనికి అమ్మలు ఎంతమంది?"

"ఇప్పుడొక్కరే. మొన్నటిదాకా ముగ్గురు."

క్లారా నవ్వలేదు. "ఇలా సెలవు వాడుకున్నవాళ్ళ పేర్లు పంపండి. వాళ్ళని తీసేస్తాం, మీరుంటారు."

"వాళ్ళకేం తెలీదు మేడం. అన్నీ నేనే కొట్టాను."

ఆశ్రిత నోరు విప్పబోయింది. ఆయన బల్ల కింద ఆమె కాలు తొక్కారు. ఆమె ఊరుకుంది. ఇప్పటికీ ఆ ఊరుకోవడమే ఆమెకి మింగుడుపడదు.

సాయంత్రానికి ఉత్తరం వచ్చింది. పదకొండేళ్ళ నౌకరీకి నాలుగు లైన్లు. కింద, మీకూ మీ కుటుంబానికీ శుభాకాంక్షలు.

"కుటుంబమంటే ఎవరెవరో కనుక్కో అమ్మా," అని ఆయన క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోయారు.

కుర్చీ ఆశ్రితకిచ్చారు. మర్నాడు ఆయన ఫైలు మూసేస్తుంటే పాత ఫారం ఒకటి కనబడింది. సంబంధం: పెదనాన్న. సెలవు ఇవ్వలేదు, అయిదు రోజుల జీతం కోత.

వెంటనే ఫోన్ చేసింది. "మామయ్యగారూ, అందరి పెదనాన్నల్నీ నాన్నల్ని చేశారు. మీదాకా వచ్చేసరికి నిజం రాసుకున్నారేంటండీ?"

"నా ఫారంలో నేనే అబద్ధం కొట్టుకుంటే అన్యాయం కదమ్మా. రూలంటే రూలే."

ఫోన్ పెట్టేసరికి ఎదురుగా ఆఫీసులోనే పనిచేసే ప్రేమదాసు నిలబడి ఉన్నాడు. పిన్ని పోయిందట. చేతిలో ఫారం, కాళ్ళకి రెండు వేరువేరు చెప్పులు.

"మీ పిన్నిది ఏ ఊరు ప్రేమదాసు గారూ?" అని అడిగేసి, ఆ ప్రశ్న తన నోట్లోంచే వచ్చిందని ఆశ్రిత ఉలిక్కిపడింది.

ఇప్పుడు ప్రతి ఫారం క్లారా స్వయంగా చూస్తోంది. 'సంబంధం' అన్న గడి ఖాళీగా ఉంది. ఆ కుర్చీలో మీరుంటే ఏం కొట్టేవాళ్ళు?