దొరస్వామి జేబులో పెట్టుకున్నది

చంద్రగిరిలో మునస్వామి అంగట్లో టీ తాగినవాళ్ళందరూ నెల రోజులుగా ఒకే మాట మోస్తున్నారు. మెకానిక్కు దొరస్వామి, గిరి కారులోంచి మంచి సామాను ఊడదీసి జేబులో వేసుకుని, పాతది బిగించి పంపాడట. ఆ మాట తప్పు. జేబులో వేసుకున్నది మాత్రం నిజం. అదేమిటో చెప్పే హక్కున్న మనిషి మొదట తన ఇంట్లో చెప్పుకుని, తర్వాత వీధిలో చెప్పమన్నది. అందుకే ఇప్పుడు దాపరికం లేకుండా చెప్పుకోవచ్చు.

దొరస్వామికి యాభై నాలుగేళ్ళు. చిత్తూరులో మునిరామయ్య దగ్గర పని నేర్చుకుని, పెళ్ళయ్యాక ఇక్కడ రేకుల షెడ్డు వేసుకున్నాడు. మాటలు తక్కువ. భార్య సిద్ధమ్మ పొద్దుటి నుంచి మాట్లాడితే పొద్దు గూకే వేళకు ఒకసారి ‘ఊ’ అంటాడని వీధిలో పేరు. షెడ్డుకు ఏ బండి వచ్చినా ముందు బానెట్టు ఎత్తడు. వెనక సీట్లో కూర్చుని, “రోజూ ఎట్ల తోల్తావో అట్లనే తోలు,” అంటాడు. పక్కన కూర్చుంటే డ్రైవరు మెకానిక్కు కోసం జాగ్రత్తగా తోలుతాడు, వెనక కూర్చుంటే మరిచిపోయి తన తీరున తోలుతాడు అని ఆయన లెక్క.

గిరిది పెట్రోలు టాక్సీ. రేణిగుంట నుంచి పలమనేరు దాకా తిరుగుతుంది. అది మూడు వారాలుగా సతాయిస్తున్నది. రోడ్డు మీద వేగం అందుకుంటే ఏ జబ్బూ లేదు. ఎక్కడైనా నిలబెడితే మాత్రం ఇంజను రొప్పుతూ లేస్తుంది, పడుతుంది, టక్కున ఆగిపోతుంది. తిరుపతిలో ఇద్దరు చూశారు. ఒకరు ప్లగ్గులు మార్చారు, ఇంకొకరు గాలి ఫిల్టరు మార్చారు. రెండు రోజులు బాగుండి మళ్ళీ మొదటికే వచ్చింది.

“మొన్న ఒకాయన దర్శనం టైము దాటిపోతాదని, బండిని నడిరోడ్లో ఇడిసిపెట్టి ఆటో ఎక్కినాడున్నా,” అన్నాడు గిరి.

“నిలబెట్టిన ప్రతిసారీ ఆగిపోతాదా?”

గిరి ఆలోచించాడు. “లేదున్నా. గతుకుల్లో పోయొచ్చిన రోజు ఎక్కువ.”

దొరస్వామి ‘ఊ’ అన్నాడు. సిద్ధమ్మకు రావలసింది ఆ రోజు గిరికి పోయింది.

కోట దాకా గతుకుల్లో తిరిగొచ్చాక, గిరిని టీ తాగి రమ్మని ఎదురంగడికి పంపి, ఇంజను ఆపకుండానే బానెట్టు ఎత్తాడు. ఇంజను తాను పీల్చే గాలిని కొలుచుకుని, దానికి తగినంత పెట్రోలు కలుపుకుంటుంది. ఆ కొలతకు అందకుండా ఎక్కడో సందులోంచి దొంగగాలి దూరితే లెక్క తప్పి తడబడుతుంది. పరుగులో ఉన్నప్పుడు గుండెల నిండా పీలుస్తుంది గనక ఆ కాస్త గాలి తెలియదు. నిలబడి మెల్లగా పీల్చేటప్పుడే తెలుస్తుంది. ఆ సందు వెతకడానికి ఆయన దగ్గర పెద్ద యంత్రాలేమీ లేవు. ఇస్త్రీ వాళ్ళు బట్టల మీద నీళ్ళు చిమ్మే సీసా ఒకటి ఉంది. ఒక్కొక్క రబ్బరు పైపు మీదా నీళ్ళు చిమ్ముతూ, ఇంజను శబ్దం వింటూ పోయాడు. ఇంజను వెనక, గోడకు ఆనినట్టున్న సన్నపు పైపు దగ్గర నీళ్ళు పడగానే సందు మూసుకుని రొప్పు ఆగింది. రెండు ఊపిరులు తీసేంతసేపు ఇంజను నున్నగా ఆడి, నీళ్ళు ఆరగానే మళ్ళీ తడబడింది.

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, చేయి దూర్చాడు. మెత్తగా ఏదో తగిలింది. టార్చి వేసి చూస్తే, మసిగుడ్డలా నల్లబడిన చిన్న మూట. మడతల్లో మాత్రం పసుపు రంగు ఉంది. మూడు ముళ్ళు. ముట్టుకుంటే లోపల రూపాయి బిళ్ళ తెలుస్తున్నది. వెంకన్నకు కట్టిన ముడుపు. కట్టడానికి వేరే చోటు దొరకనట్టు, చిటికెన వేలంత రబ్బరు పైపుకే బిగించి కట్టారు. గతుకుల్లో ఊగి ఊగి అది పైపును లాగింది. అతుకు దగ్గర అడుగుపక్కన వెంట్రుకంత పగులు పడింది. మూట ఒక పక్కకు ఊగితే పగులు తెరుచుకుంటుంది, ఇంకో పక్కకు ఊగితే మూసుకుంటుంది. అందుకే రెండు రోజులు బాగుండేది.

ఎవరు కట్టారో ఆయనకు వెంటనే తెలిసింది. గిరి భార్య నిస్సీది చర్చి కుటుంబం. పెళ్ళయినప్పటి నుంచి గిరి కూడా ఆదివారం ఆమెతో వెళ్తాడు. కారు ముందర నిమ్మకాయ తీసేశారు, వెనక అద్దం మీద వాక్యం రాయించారు. గిరి తల్లి గంగులమ్మ ఒక్క మాట అనలేదు. కోడలంటే ఆమెకు ప్రాణం. కానీ కొడుకు ఘాట్ రోడ్డులో పోతుంటే ఆ తల్లి మనసు ఊరుకోలేదు, సన్నపు చేయి మాత్రమే అందే చోట మొక్కును దాచింది.

దొరస్వామి మూట విప్పకుండా పైపు నుంచి తప్పించి, తుడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎదురంగట్లో మునస్వామి టీ తిరగబోస్తూ అది చూశాడు.

“ఏముండిందినా?” గిరి వచ్చి అడిగాడు.

“పైపు పగిలిండాది. కొత్తది ఏసినా.”

“ఎట్ల పగిలింది?”

“రబ్బరు కదప్పా.”

కారు ఆ రోజు నుంచి ఒక్కసారీ ఆగలేదు. మునస్వామి మాట కూడా ఆగలేదు. మొదటి రోజు ‘ఏదో’ తీశాడన్నారు, మూడో రోజుకది సెన్సారయింది, వారానికి బండి కంప్యూటరే అయింది. అయిదు కార్లు తిప్పే రఘునాథ్ తన బండ్లను తిరుపతి షెడ్డుకు పంపడం మొదలుపెట్టాడు. మిగిలినవాళ్ళూ అదే దారి పట్టారు. చివరికి గిరే వచ్చాడు.

“నాది ఏమన్నా నీ కాడ ఉండాదానా?”

“నీది ఏమీ లేదప్పా.”

గిరి నమ్మినట్టు కనబడలేదు.

ఆ సాయంత్రం సిద్ధమ్మ ఊరుకోలేదు, దేవుడి పటం కింద తాను దాచిపెట్టిన ముడుపు చేతికి తీసుకుంది. “షెడ్డులో కుక్కలు పండుకోనుండాయి. ఆ ముడుపు తీసకపోయి మునస్వామి మొగానికి సూపించరాదా?”

“అది మనది కాదు కదే.”

“అయితే ఆయమ్మకన్నా ఇచ్చిరా.”

“ఇంట్లో కోడలుంటాది. ఒంటిగా యాడ దొరకతాది?”

“ఆమె దొరికేలోపల మన పొయ్యి ఆరతాది,” అని సిద్ధమ్మ ముడుపును మళ్ళీ దేవుడి పటం కిందనే పెట్టింది.

మొన్న మంగళవారం గంగులమ్మే షెడ్డుకు వచ్చింది. చంకలో కూరగాయల సంచి, వెంట ఎవరూ లేరు.

“దొరస్వామీ, మా ఇంటి పెండ్లిలో అన్నానికి కూడా చేయి కడగకుండా పన్జేసినోడివి. నీ గురించి ఊరంతా చెప్తా ఉంటే నాకు అన్నం దిగలేదప్పా. మావాడి బండిలో ఏం తీసినావు?”

ఆయన చేతులు కడుక్కుని, వెనక ఇంట్లోకి పోయి, మూట తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. గంగులమ్మ పాత టైరు మీద కూలబడింది. ముళ్ళను వేలితో తడిమి చూసుకుంది. మూడూ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

“దీంతోనేనా బండి ఆగింది?”

“ఊ.”

“గిరి సూసినాడా? నిస్సీకి తెలుసునా?”

“ఎవురూ సూళ్ళేదక్కా.”

ఆమె ఖాళీ షెడ్డును ఒకసారి కలయజూసింది. “ఒక్క మాట చెప్పుంటే ఇదంతా లేకుండా పోవును కదప్పా. నోరు మూసుకోని ఇన్ని పడినావే, ఎందుకు చెప్పలేదు?”

“కట్టేటప్పుడు నువ్వు ఎవురికీ చెప్పలేదు కదక్కా, నేనెట్ల చెప్పేది?” అన్నాడు దొరస్వామి. “అదట్లుండనీ. మళ్ళా కట్టేటట్లయితే రబ్బరు పైపుకు కట్టొద్దు. పక్కనే ఇనప కడ్డీ ఉండాది, గిరి బండి ఈడ ఇడిసి టీకి పోయినప్పుడు సూపిస్తా. దానికి కడితే, ఎంత ఊగినా ఇంజను ఆగదు.”