మిషిను మూతలోని పేరు

నా మీద ఒక అబద్ధం ఉంది. ముప్పై ఏళ్లుగా మోస్తున్నాను. మొయ్యడం అలవాటైపోయింది గానీ బరువు తగ్గలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పాస్టరుగారికీ చెప్పలేదు. ప్రార్థనలో కూడా, నిజం చెప్పాలంటే, "తెలిసీ తెలియక చేసిన పాపాలు" అని అన్నింటినీ ఒకే మూటగట్టి దాటేశాను తప్ప, ఫలానాది చేశానని ఏనాడూ దానికి పేరు పెట్టి ఒప్పుకోలేదు. అది తెలియక చేసింది కాదు. బాగా తెలిసే చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది. ఇది కూడా ఒక పిరికితనమే.

మాది శంషాబాద్. ఇప్పుడు విమానాలు దిగే దిక్కంతా అప్పట్లో జొన్న చేలు, బండరాళ్ల మధ్య సీతాఫలం చెట్లు. మేము క్రైస్తవులం. మా నాయినమ్మ దగ్గర పాత కుట్టుమిషిను ఒకటి ఉండేది, చేత్తో పిడి తిప్పే రకం. నల్లటి ఒంటి మీద బంగారు రంగు పూలు సగం చెరిగిపోయాయి. దానికి వంపు తిరిగిన చెక్క మూత. మూత లోపల ఎర్ర మఖ్మల్ గుడ్డ అతికించి ఉండేది. నాయినమ్మ ఆ మిషినును ఎవరినీ ముట్టనిచ్చేది కాదు, నన్ను తప్ప. పదో తరగతి తర్వాత నేను కుట్టు నేర్చుకున్నది దాని మీదే.

తొంభైల నడుమ మా సంఘానికి యాభై ఏళ్లు నిండితే ఒక చిన్న పుస్తకం వేశారు. పాత కుటుంబాల వాళ్లు తమ తమ చరిత్ర రాసివ్వమన్నారు. మా ఇంట్లో నాలుగు ముక్కలు కుదురుగా రాయగలిగేది నేనొక్కదాన్నే. మిషిను ఎక్కడిదని అడిగితే నాయినమ్మ, "దొరసాని ఇంట్లకెళ్లి వచ్చింది" అని ఊరుకుంది. దొరసాని అంటే వెనకటి రోజుల్లో మిషనరీల బంగళాలో ఉండి ఆడవాళ్లకు కుట్టు నేర్పిన తెల్లావిడ. నాకు ఆ ఒక్క మాట చాలు. దానికి కాళ్లూ చేతులూ ముక్కూ చెవులూ పెట్టేశాను. నాయినమ్మ పనితనానికి మెచ్చి దొరసాని స్వయంగా పిలిచి మిషినును బహుమానం ఇచ్చిందని రాశాను. ఈ చుట్టుపక్కల ఊళ్లలో మిషిను తొక్కడం కాదు, తిప్పడం నేర్చిన మొదటి ఆడది మా నాయినమ్మేనని కూడా రాశాను. కింద నా పేరు అచ్చయింది. చర్చిలో చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద పెద్ద వాళ్లు వచ్చి తల నిమిరారు. నేను నేల మీద నడవలేదు ఆ రోజు.

ఇంటికొచ్చి నాయినమ్మకు చదివి వినిపించాను. అంతా విని, జర అడిగి రాయాల్సుండె బిడ్డా, అంది. అడిగాను కదా అని విసుక్కున్నాను. అప్పటికే మంచం పట్టి ఉంది. నెల తిరక్కుండానే పోయింది.

ఇక్కడ మా సుగుణత్త గురించి చెప్పాలి. ఆమె మా బాపు తోడబుట్టింది కాదు. ఆమె తల్లి శాంతమ్మ మా నాయినమ్మకు ప్రాణ స్నేహితురాలట. పిల్లకు రెండేళ్లు నిండకముందే శాంతమ్మ జ్వరంతో పోతే, నాయినమ్మ ఆ పిల్లను తెచ్చుకుని తన పిల్లలతో పాటు పెంచింది, పెళ్లి చేసింది. అత్త గగన్‌పహాడ్‌లో ఉండేది, అక్కడే బిస్కెట్ల కంపెనీలో పని చేసేది. శాంతమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదు. ఎక్కడ పాతిపెట్టారో చెప్పగలిగిన వాళ్లు లేరు. అత్తకు కన్నతల్లి అంటే ఒక పేరు, అంతే.

నాయినమ్మ పోయాక ఇంట్లో పెట్టుకున్న ప్రార్థన, ఆదరణ కూడిక, అయిపోయాక పాస్టరుగారూ బాపూ కూర్చుని సామాన్ల మాట తీశారు. మిషిను నాదేనని అందరూ అనుకుంటున్నారు, నేనైతే చెప్పనే అక్కర్లేదు. అప్పుడు అత్త మెల్లగా నోరు విప్పింది. ఆ మిషిను తన తల్లిదంది. దొరసాని ఇచ్చింది శాంతమ్మకట. పోయేముందు శాంతమ్మ మూత లోపల తన చేత్తో పేరు చెక్కిందట. అది అరిగిపోకుండా నాయినమ్మే పైన గుడ్డ అతికించి, ఆఖరి రోజుల్లో తనకు ఆ సంగతి చెప్పిందట. మిషిను మీరే ఉంచుకోండి, మా అమ్మ రాత ఒక్కసారి చూస్తే చాలు, అంది. బాపు మొహం మాడిపోయింది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందరా గుడ్డ ఊడదీసి చూద్దామని పాస్టరుగారు తేల్చారు.

నేను ఆదివారం దాకా ఆగలేదు. మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. అత్త అబద్ధం చెబుతోందని నమ్మాను కాబట్టే గుడ్డ ఊడదీశాను, నా మనసులో ఇంకే దురుద్దేశం లేదు అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా నమ్మానా? నమ్మినదాన్నయితే అయిదు రోజులు ఆగడానికి నాకేం అడ్డం? తలుపు గడియ ఎందుకు పెట్టుకున్నట్టు?

అంచులు తడిగుడ్డతో నానబెట్టి మెల్లగా లాగాను. మఖ్మల్ ఊడి వచ్చింది. కత్తెర మొనతో గీసిన అక్షరాలు, వంకరటింకరగా, ఒక్కోటి బొటనవేలంత. శాంతమ్మ. దాని కింద ఇంకొంచెం చిన్నగా: నా బిడ్డ సుగుణకు. చివరి అక్షరానికి చోటు చాలక అంచు మీదికి ఎక్కింది. చావుకు దగ్గరైన మనిషి మూతను ఒళ్లో పెట్టుకుని, ఆ గట్టి చెక్క మీద ఎంతసేపు గీసి ఉంటుందో!

మిషిను పోతుందని కాదు నా భయం. ఈ మాట మీరు నమ్మాలి, ఎందుకంటే ఇది నాకు మరింత సిగ్గుచేటు. మిషిను పోతే బాపు ఇంకోటి కొనేవాడు. నా పేరుతో అచ్చయిన చరిత్ర అబద్ధమని తేలుతుందని భయం. చప్పట్లు కొట్టిన వాళ్లే ముసిముసిగా నవ్వుతారని భయం. మా నాయినమ్మ దొరసాని మెచ్చిన మనిషి కాదు, పోయిన స్నేహితురాలి బిడ్డనూ మిషినునూ కాపాడిన మనిషి అని తేలితే మా ఇంటికి పరువు తక్కువా? ఇప్పుడు ఆలోచిస్తే అంతకంటే గొప్ప చరిత్ర మా ఇంట్లో ఇంకోటి లేదు. కానీ అది నేను రాసింది కాదు కదా.

మొదట గాజు పెంకుతో గోకాను. తర్వాత, కిటికీ చేయించినప్పుడు మిగిలిన ఉప్పు కాగితం తెచ్చి రుద్దాను. శాంతమ్మ తొందరగానే పోయింది. సుగుణ ఒక పట్టాన పోలేదు. ఆ పేరు దగ్గర ఆమె గట్టిగా నొక్కి గీసింది. చేతులు బొబ్బలెక్కాయి. చెక్క తెల్లబడితే టీ డికాక్షను, మిషిను నూనె కలిపి పట్టించాను. మర్నాడు ఆరాక మైదా జిగురుతో అదే మఖ్మల్‌ను అతికించాను. రాలిన పొట్టు ఊడ్చి పొయ్యిలో వేశాను. ఎంత ఒద్దికగా చేశానో, ఏ పనీ అంత ఒద్దికగా చెయ్యలేదు నేను.

ఆదివారం పాస్టరుగారే గుడ్డ లాగారు. ఏమీ లేదు. అత్త మూతను దగ్గరికి తీసుకుని లోపల అరచేత్తో తడిమింది, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. నువ్వు ముందే చూసినవా బిడ్డా అని నన్నే అడిగింది. ముట్టుకోనైనా లేదని చెప్పాను. బైబిలు చేతిలో ఉండగానే చెప్పాను. బాపు ఇక ఆగలేదు. కన్నబిడ్డ లెక్క పెంచితే తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నవా అన్నాడు. ఎవరూ వారించలేదు. అత్త చెప్పులేసుకుని, బస్సు కోసం రోడ్డు మీదికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మాట పాకిపోయింది. ముసలామె కళ్లు మూయగానే సామాన్ల కోసం కథలల్లిన మనిషి అని పేరు పడింది ఆమెకు. కథలల్లింది నేను. స్త్రీల కూడికలో ఆమెను ప్రార్థన చెయ్యమని అడగడం మానేశారు. క్రిస్మస్‌కు మా ఇంటికి రాలేదు. నెల నెలా మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల ఇస్తారు, రొట్టె, ద్రాక్షరసం. ఎవరితోనైనా పగ ఉంటే ముందు పోయి సమాధానపడి రావాలి, తర్వాతే చెయ్యి చాపాలి. అది మాకు చాలా పెద్ద కట్టుబాటు. అత్త వెనక బెంచీలో కూర్చుని, రొట్టె పళ్లెం వస్తే తల వంచుకుని పక్కవాళ్లకు అందించేది. దాదాపు ఏడాది అలా చేసింది. నేను ప్రతి నెలా తీసుకున్నాను. తీసుకోకపోతే ఎందుకని అడుగుతారు కదా. పాస్టరుగారు దొంగతనం మీద వాక్యం చెప్పిన రోజు మాత్రం, గుమ్మడికాయల దొంగ లాగా, ఊరికే భుజాలు తడుముకున్నాను.

ఒక శనివారం సాయంత్రం అత్త మా ఇంటికి వచ్చింది. నేను ఒక్కదాన్నే ఉన్నాను, ఆ మిషిను ముందరే కూర్చుని జాకెట్టు కుడుతున్నాను. ఆమె గడప దాటకుండా నిలబడింది.

"రేపు బల్ల ఉన్నది బిడ్డా. మీతోని గిట్ల పెట్టుకోని నాకు పానం పడ్తలేదు," అంది. "మీ నాయినమ్మ ఆఖరికి సోయి లేక ఏదో అన్నది. నేను నిజమే అనుకున్న. మా అమ్మకు అసలు రాయనే రాదేమో."

"గదేం లేదత్తా, లోపలికి రా," అన్నాను.

"రాను గని, మన్నించిన అను. నోటితోని అను బిడ్డా, ఒక్కసారి."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. మిషిను మా ఇద్దరి నడుమ ఉంది. ఇల్లంతా ఖాళీ. నోరు తెరిచాను కూడా.

"మన్నించిన," అన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, నా తల మీద చెయ్యి పెట్టి దీవించి వెళ్లిపోయింది. మర్నాడు నా పక్కనే కూర్చుని రొట్టె తీసుకుంది. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చూసిన వాళ్లు సమాధానపడ్డారని సంతోషించారు. ఆ చెక్కను గోకింది నాకు ఒక పాపమైతే, ఆమెను మన్నించింది ఇంకొకటి. రెండోదే పెద్దదని నాకనిపిస్తుంది. మొదటిది భయంతో చేశాను. రెండోది చేసేటప్పుడు నాకు భయం కూడా లేదు. హాయిగా అనిపించింది.

రెండేళ్లకు దవాఖానలో పోయింది సుగుణత్త. ఆఖరి రోజుల్లో రెండుసార్లు చూడ్డానికి పోయి, పండ్లు పక్కన పెట్టి వచ్చాను. తల్లి తనకు ఏమీ మిగల్చలేదనే అనుకుని పోయింది ఆమె. పుట్టుకతో ఉన్న లేమి కాదది, నేను చేసిన లేమి.

మీరు నన్ను ఏమీ అనొద్దు, ఓదార్చనూ వద్దు. ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నానని నాకు తెలుసు. అయినా ఒకసారి బయటికి చెప్పుకోవాలి నేను. శాంతమ్మకు రాయడం వచ్చు అత్తా. నీ పేరు రాసింది. నేను చదివాను.