రికార్డింగు గది రూతమ్మ మేడం

మొన్న ఉస్మాన్‌గంజ్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణం వాళ్ళు, కంప్యూటర్ మరీ నెమ్మదించిందని పిలిస్తే వెళ్ళాను. మానిటర్ వెనక బిగించిన మినీ కంప్యూటర్ అది, టిఫిన్ డబ్బా మూతంత ఉంటుంది. దాని మీద చెయ్యి పెట్టగానే వేడి తగిలింది, వెంటనే కాలిన దుమ్ము వాసన. చుట్టూ ఎండుమిర్చి ఘాటు కమ్ముకుని ఉన్నా ఆ వాసనను గుర్తుపట్టాను. ఒక్క క్షణం నేను ఆ దుకాణంలో లేను. ఉప్పుగూడలో, రైలు పట్టాల పక్క ఇంట్లో, రూతమ్మ మేడం కుర్చీ వెనక నిలబడి ఉన్నాను.

మేడం టెలిఫోన్ ఆఫీసులో ఫిర్యాదులు వినే సీట్లో పనిచేసి రిటైరయ్యారు. ఆమె భర్త డేవిడ్ సార్ తెలుగు పంతులు. ఇద్దరూ కలిసి ఇంటి ముందుగదిలో, చూపులేని విద్యార్థుల కోసం పాఠాలు రికార్డు చేసేవారట. సార్ చదివేవారు. మేడం ఆ రికార్డింగులో దగ్గులు, తడబాట్లు, రైలు కూతలు అన్నీ కత్తిరించి, శుభ్రమైన పాఠాన్ని విద్యార్థులకు పంపేవారు. డిగ్రీ అయ్యాక నేను అక్కడ పనికి చేరేసరికి సార్ చనిపోయి ఏడాది కావొస్తోంది. ఆయన కుర్చీలో మేడమే కూర్చుని చదువుతున్నారు.

చేరిన కొత్తలోనే అక్కడి మినీ కంప్యూటర్ నా సహనాన్ని పరీక్షించింది. ఒక పాఠం తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు. "మేడం, ఇది పాతదైంది. కొత్తది కొనుండ్రి," అన్నాను. ఆమె కళ్ళజోడు పైకి నెట్టి నన్ను చూశారు. "గట్లెట్ల జెప్తవ్ బిడ్డా? ముందుగాల అదేం జేస్తున్నదో చూసినవా? ఫోన్ ఖరాబైందని అందరు లొల్లి జేస్తుండె. టోన్ వస్తున్నదా, అవతలోళ్ళ మాట వినొస్తున్నదా అని నేను ఒక్కొక్కటి అడుగుతుంటి. సగం జవాబు అండ్లనే దొరుకుతుండె." అలా అని ఆ యంత్రాన్ని కూడా ఒక్కొక్కటిగా అడగడం మొదలుపెట్టించారు. ముందు వేడి. వెనక జాలీలో పేరుకున్న దుమ్మును బ్రష్షుతో తీశాం. కాస్త నయమైంది. తర్వాత, కంప్యూటర్ ఆన్ చేయగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములను ఆపాం. ఇంకాస్త నయం. ప్రతిసారీ అదే పాఠం తెరిచి, అంతే ఓపికగా చూడాలి. నాకేమో అన్నీ ఒకేసారి చేసి లేవాలని ఉండేది. "అన్ని ఒక్కపారి మార్చినవనుకో, ఏది మార్చితె బాగైందో నీకెట్ల ఎరుకైతది?" అనేవారు. చివరికి అసలు సంగతి బయటపడింది. దానిలో ఉన్న కొద్దిపాటి స్టోరేజీ అంచుల దాకా నిండిపోయి, అది ఊపిరాడక కొట్టుకుంటోంది. విడిగా ఒక హార్డ్ డిస్క్ కొని, పాతవన్నీ అందులోకి మార్చాలని అనుకున్నాం.

మధ్యాహ్నాలు పని లేనప్పుడు మేడం హెడ్‌ఫోన్ పెట్టుకుని ఏదో వింటూ ఉండేవారు. పాఠాలు సరిచూస్తున్నారనుకున్నాను. ఒకరోజు నన్ను పిలిచి నా చెవికి పెట్టారు. డేవిడ్ సార్ గొంతు. పాఠం చదువుతూ చదువుతూ ఆగి, "రూతూ, గొంతెండిపోతున్నది, జర చాయ్ పెట్టరాదు," అంటున్నారు. వెనకనుంచి మేడం గొంతు: "గా పేజీ ఒడగొట్టు, అప్పుడు పెడ్త." కత్తిరించక ముందటి రికార్డింగులు అవి. విద్యార్థులకు పంపిన పాఠాల్లో లేని మనిషి వాటిలో ఉన్నాడు. హెడ్‌ఫోన్ తిరిగి తీసుకుంటూ మేడం, "అప్పుడే లేచి పెడితే ఏం పోతుండె," అన్నారు. నాతో కాదు.

ఆ హార్డ్ డిస్క్ ఇంకా కొనకముందే అమ్మకు ఆపరేషన్ అయి నేను కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉండాల్సి వచ్చింది. అదే సమయంలో మంజుల అనే అమ్మాయికి టీచరు ఉద్యోగం పరీక్ష దగ్గరపడింది. పుట్టుకతో చూపు లేని ఆ పిల్లకు మేడం పాఠాలే ఆధారం. మేడం పాఠం చదివి రికార్డు చేస్తుంటే కంప్యూటర్ మధ్యలో ఆగిపోవడం, చదివిందంతా పోవడం, మళ్ళీ మొదలుపెట్టడం. ఒక సాయంత్రం మేడం ఫోన్ చేశారు. "సుజాతా, వచ్చినంక చూడు, మస్తు ఫాస్టయింది! చెత్తంత నేనే సాఫ్ జేసిన." ఆ గొంతులో చిన్నపిల్ల సంబరం. నేనూ సంతోషించాను.

తిరిగి వెళ్ళేసరికి మేడం హెడ్‌ఫోన్ పెట్టుకుని కదలకుండా కూర్చుని ఉన్నారు. తెర మీద సార్ రికార్డింగు తెరిచే ఉంది. కానీ ఎత్తుపల్లాలుగా ఉండాల్సిన శబ్దపు గీత ఈ చివరినుంచి ఆ చివరికి సాపుగా ఉంది. రికార్డింగు ప్రోగ్రాము అసలు శబ్దాన్ని తాత్కాలిక ఫైళ్ళ ఫోల్డరులో దాచుకుంటోందని ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. అనవసరమైన ఫైళ్ళు తుడిచేసే ప్రోగ్రాములో కనబడిన గడులన్నిటికీ ఆమె ఒకేసారి టిక్ పెట్టేశారు. పోయినవి వెనక్కి తెప్పించే దుకాణానికి పట్టుకెళ్ళాను. ఆ ఖాళీలో కొత్త పాఠాలు వచ్చి చేరాయి, పాతవి ఇక రావన్నారు. ఆ మాట చెప్తే మేడం ఏడవలేదు. "మంది ఫోన్ల ఎంత అరిచినా నేను తొందరపడకపోతుంటి బిడ్డా. గా ఒక్కరోజు పడ్డ," అన్నారు.

పరీక్ష రాశాక మంజుల వచ్చింది. సంగతంతా వింది. తర్వాత ఫోన్ తీసి, "సార్ దగ్గొకటున్నది మేడం, మూడో పాఠంల. మీరు తియ్యలె," అంది. ఆ పిల్ల ఆ పాఠాలను ఎంతగా విన్నదో నాకప్పుడు అర్థమైంది. మేడం ఆ ఫోన్ చెవికి ఆనించుకున్నారు. చిన్న దగ్గు, ఆ వెంటనే గొంతు సవరించుకోవడం, అంతే. మళ్ళీ పెట్టించుకున్నారు, మళ్ళీ. "గిదొక్కటే ఎట్లనో మిగిలింది," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "అన్ని గంత సాఫ్ జెయ్యకపోయినా అయిపోతుండె."

ఆ రోజునుంచి ఆమె పాఠాల్లో నన్ను దేన్నీ కత్తిరించనివ్వలేదు. రైలు కూత ఉండేది, తడబాటు ఉండేది, మధ్యలో నన్ను మంచినీళ్ళడగడం కూడా ఉండేది. ఒకరిద్దరు విద్యార్థులు ఇదేంటని అడిగినా ఆమె మార్చలేదు. ఇప్పుడు ఆమె కూడా లేరు.

నెమ్మదించిన యంత్రాన్ని దారిలో పెట్టడం నాకు బతుకుతెరువైంది. ఎక్కడ చూడాలో, ఏది ముందు మార్చాలో అన్నీ ఆమె నేర్పినవే. ఒక్క ప్రశ్న మాత్రం ఆమె నేర్పింది కాదు, ఆ సాయంత్రం ఆమెను ఎవరూ అడగనిది. ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా, దేన్నీ తాకక ముందు వాళ్ళను ఆ ప్రశ్నే అడుగుతాను: "ఇండ్ల పోతే మల్ల రానిదేమన్న ఉన్నదా?" చాలామంది ఏమీ లేదంటారు. నేను కాసేపు ఆగి, మళ్ళీ అడుగుతాను.