తవిటయ్యగారు ఇంకా తేల్చుకోలేదు

చోడవరంలో టేబుల్ టెన్నిస్ క్లబ్బులు రెండుండేవి. వాటిలో దేంట్లో చేరాలా అని తవిటయ్యగారు ఏడేళ్లుగా ఆలోచిస్తున్నారు. ఆ ఏడేళ్లలో ఆయన కూతురి పెళ్లి చేశారు, ఇల్లు కట్టారు, చెరకు ఫ్యాక్టరీ కాటా దగ్గర గుమాస్తాగా రిటైరయ్యారు. క్లబ్బు సంగతి మాత్రం తేలలేదు.

తొంభై నాలుగులో కాలేజీకి లెక్కల లెక్చరరుగా బదిలీ మీద వచ్చిన ధర్మతేజకి ఇదేమీ తెలియదు. మేడ మీద అద్దె గది, కింద హోటలు భోజనం, ఊళ్లో పేరు పెట్టి పిలిచే మనిషి లేడు. సాయంత్రాలు గడవక, పాపం, సలహా కోసం సరిగ్గా ఈయన దగ్గరికే వెళ్లాడు.

"ఆట నేర్సుకోడానికా బాబూ, సరదాకా?" అన్నారు తవిటయ్యగారు.

"ఏది మంచిదంటారు మాస్టారూ?"

"అదే నేనూ సూస్తన్నాను. ఇంకా తేల్సుకోలేదు."

ఆ సాయంత్రమే రెండూ తిప్పి చూపించారు. ఒకటి సంతోష్‌కుమార్ ట్రైనింగు హాలు. అక్కడ ఈల వేస్తే తాడాట, ఈల వేస్తే గుంజీళ్లు, అరగంట చెమటోడిస్తే గానీ బ్యాటు చేతికివ్వడు. తరవాత ఇద్దరిద్దర్ని జత కడతాడు. మిగిలిపోయినవాళ్లు గోడకేసి బంతి కొట్టుకోవాలి. రెండోది మందులషాపు సాయిదత్త నడిపే రిక్రియేషన్ క్లబ్బు. అక్కడ ముందు బజ్జీలు, తరవాత డబుల్స్. బంతి చట్నీలో పడితే పాయింటు ఎవరిదన్న తగువు మూడు నెలలు నడిచింది. అక్కడ మిగిలిపోయినవాళ్లు స్కోరు చెబుతూ కూర్చోవాలి.

రెండు చోట్లా గచ్చు పాడవుతుందని చెప్పులు బయటే విడవాలి. తవిటయ్యగారి విడ్డూరమంతా అక్కడే. గుమ్మం దాకా వస్తారు. చెప్పుల వంక చూస్తూ వేలితో గాల్లో టిక్కులు కొడతారు. ఒక్కోసారి తనవీ విడిచి లోపలికి వస్తారు. ఒక్కోసారి "ఇంకా తేల్సుకోలేదు" అనేసి సైకిలెక్కి రెండో క్లబ్బుకి పోతారు.

"ముప్ఫయ్యేళ్లు చెరకుబళ్లు లెక్కెట్టిన వేలండీ, ఊరికే ఉంటదా?" అనేవాడు సాయిదత్త.

ఆయన భార్య గంగాభవానిగారి సిద్ధాంతం వేరు. "మాడుగుల్లో పెళ్లికెళ్తే కొత్త సెప్పులు పోయేయి బాబూ. అప్పట్నించీ ఆ బెంగ. ఆ తేల్సుకోలేకపోడం మాత్రం పుట్టుబుద్ది. నన్ను సూడ్డానికి మూడుసార్లొచ్చేరు. మూడుసార్లూ హల్వా తినేసి, ఆలోసించి సెప్తానన్నారు. మా నాన్నే ఇసిగిపోయి ముహూర్తం ఎట్టించేసేడు."

ధర్మతేజ సరదా క్లబ్బులోనే చేరాడు. మూడు వారాల పాటు తవిటయ్యగారు రోజూ వచ్చి అతనికి జతగా ఆడారు. కొట్టిన ప్రతి బంతికీ "బాగుంది బాబూ" అనేవారు. ఔటైన బంతికి కూడా అనేవారు. ఆ మూడు వారాల్లో ధర్మతేజకి ఊరు కాస్త సొంతమనిపించింది. అంతలో క్లబ్బులోకి కొత్తగా ఓ బ్యాంకు ఆఫీసరు వచ్చి చేరాడు. మర్నాడు తవిటయ్యగారు గుమ్మం దగ్గర టిక్కులు కొట్టుకుని వెనక్కి తిరిగారు.

"రండి మాస్టారూ," అన్నాడు ధర్మతేజ.

"ఇంకా తేల్సుకోలేదు బాబూ."

తనేం తప్పు చేశాడో తెలియక ధర్మతేజ మనసు చివుక్కుమంది.

ఏ విషయంలోనూ పొసగని రెండు క్లబ్బులూ ఆ నెల ఒక్క విషయంలో ఏకమయ్యాయి. ఆదివారంలోగా తవిటయ్యగారు ఏదో ఒక క్లబ్బు తేల్చుకోవాలి, లేకపోతే రెండింట్లోనూ అడుగు పెట్టకూడదు అని నోటీసిచ్చాయి. ఆయన చదివి, మడతపెట్టి జేబులో పెట్టుకుని, "ఆలోసించి సెప్తాను" అన్నారు. మరి రాలేదు.

నాలుగో రోజున రిక్రియేషన్ క్లబ్బుకి ఐదుగురే వచ్చారు. మిగిలింది ధర్మతేజ.

"స్కోరు సెప్పండి సార్," అన్నాడు సాయిదత్త బజ్జీ నములుతూ.

పదమూడు–పదకొండు దగ్గర ధర్మతేజ చూపు గుమ్మం బయటికి పోయింది. ఐదు జతల చెప్పులు. చేరి రెండు నెలలైంది, ఇన్నాళ్లలో తనకి స్కోరు చెప్పే పని ఒక్కసారీ పడలేదేం? ఆట మధ్యలోనే లేచి ట్రైనింగు హాలుకి వెళ్లాడు. సంతోష్‌కుమార్‌వి పోను బయట ఏడు జతలు. లోపల పదో తరగతి హేమశ్రీ ఒక్కతే గోడకేసి కొడుతోంది.

"తవిటయ్యగారు రావట్లేదా అమ్మా?"

"నాల్రోజులైంది సార్. గోడ బాగానే ఆడతంది గానీ, బాగుందని అనదు."

చెప్పుల జతలు బేసి అయితే మిగిలినవాళ్లకి తోడుగా లోపలికి, సరి అయితే రెండో క్లబ్బుకి. రెండో తరగతి లెక్క. లెక్కల లెక్చరరుకి రెండు నెలలు పట్టింది.

ధర్మతేజ ఇద్దరు పెద్దమనుషుల్నీ కూర్చోబెట్టి చెప్పాడు. సంతోష్‌కుమార్ చేతిలోని ఈల జేబులో పెట్టేసుకున్నాడు. సాయిదత్త బజ్జీ మింగడం మర్చిపోయాడు.

"ఇప్పుడే ఎల్లి క్షమాపణ సెప్పేద్దాం పదండి," అన్నాడు సాయిదత్త.

"వద్దండీ. మనకి తెలిసిపోయిందంటే సిగ్గుపడి ఇక రారు. నోటీసుకి జవాబు పట్టుకుని రమ్మందాం, అంతే."

ఆదివారం సాయంత్రం రిక్రియేషన్ క్లబ్బుకి ధర్మతేజతో కలిపి ఆరుగురు వచ్చారు. ధర్మతేజ గదికి పోయి తన పాత చెప్పులు తెచ్చి, గుమ్మం దగ్గర ఏడో జతగా పెట్టాడు.

తవిటయ్యగారు జవాబు కాగితం చేత్తో పట్టుకుని, వాడిన ముఖంతో వచ్చారు. గుమ్మం దగ్గర అలవాటుగా వేలు లేచింది. ఏడు టిక్కులు పడ్డాయి. కాగితం జేబులోకి పోయింది, కాలి చెప్పులు విడిచారు, చరచరా లోపలికి వచ్చారు. చూస్తే ఆటకి మూడు జతలూ కుదిరి ఉన్నాయి.

"మిగిలిపోయినోరు ఎవరు బాబూ?"

"మీరే మాస్టారూ," అని ధర్మతేజ బ్యాటు అందించాడు.

పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ స్కోరు చెప్పని సాయిదత్త తన బ్యాటు పక్కన పెట్టి, స్కోరు కుర్చీలో కూర్చున్నాడు. తవిటయ్యగారు గుమ్మం వైపు చూశారు, పాత చెప్పుల వైపు చూశారు, ధర్మతేజ వైపు చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"లెక్కల మాస్టారివి, తప్పుడు లెక్క ఎట్టేవు," అన్నారు మెల్లగా, నవ్వు దాచుకుంటూ.

"మరి క్లబ్బు సంగతి ఏటండీ?" అని కుర్చీలోంచి అడిగాడు సాయిదత్త.

తవిటయ్యగారు బంతి చేతిలోకి తీసుకున్నారు.

"ముందు ఆడనీ బాబూ. ఇంకా తేల్సుకోలేదు."