డ్రిప్పు పైపుల్లో పేడనీళ్లు

డ్రిప్పు కావాలా, పేడనీళ్లు కావాలా, ఏదో ఒకటే తేల్చుకోమన్నారు నన్ను, అందరూ. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రెండూ ఎందుకు కూడదో ఒక్కరూ చెప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నగరం అంచున ఉన్న వర్తూరులో మాకు ఎకరం గులాబీ తోట ఉండేది. నాయన డ్రిప్పు వేయించి, ఆ పైపుల్లోనే ఏళ్ల తరబడి రసాయన ఎరువులు పంపించాడు. మొదట్లో పూలు విరగబూశాయి. తర్వాత మన్ను గట్టిపడింది. గడ్డపారతో పెళ్లగించినా ఒక్క వానపాము కనబడేది కాదు. మొక్కలు ఒక్కొక్కటే ఎండిపోతుంటే నాయన భూమి అమ్మేద్దామన్నాడు. చుట్టూ ఆఫీసులు లేస్తున్న రోజులు, కొనేవాళ్లకు కొదవ లేదు. నేను మొండికేసి ఒక్క ఏడాది గడువు అడిగాను.

మన్నులో సూక్ష్మజీవులు చచ్చిపోతే ఎంత ఎరువు వేసినా దండగేనని రైతుల శిక్షణలో విన్నాను. అలాగని డ్రిప్పు పీకేయాలనుకోలేదు. బోరు అడుగంటుతున్న చోట చుక్కచుక్కగా నీళ్లిచ్చే పైపును కాదనేంత పిచ్చిదాన్ని కాను. ఆ జీవులను మళ్లీ పెంచడానికి పేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండి నీళ్లలో కలిపి డ్రమ్ములో పులియబెట్టి, తెలివి ఎక్కువై నేరుగా డ్రిప్పు ట్యాంకులో పోశాను. రెండో రోజుకే పైపుల చిల్లులు పూడుకుపోయాయి. నడి ఎండాకాలం, నాలుగు వరసలు వాడిపోయాయి. మెకానిక్ వచ్చి, చిల్లులు శుభ్రం చేస్తూ, నేను ఎదురుగా ఉన్నా నాయనతోనే మాట్లాడాడు.

"ఇది మిషనప్పా, కుడితి తొట్టి కాదు."

సిగ్గుతో చచ్చిపోయాను. నాయన ఇక చాలన్నాడు.

"తప్పు నాది నాయనా. దానికి మన్నును అమ్మొద్దు" అన్నాను.

ఆ రోజే నా నూలు చీర చించి, నాలుగు మడతలు వేసి, డ్రమ్ములో మిగిలిన పేడనీళ్లను రెండుసార్లు వడకట్టాను. తేటను ట్యాంకులో పోసి, వెనకే మంచినీళ్లు వదిలి, పైపుల చివరి మూతలు తీసి కడిగాను. వారం వారం అదే పని. ఎంత తోముకున్నా చేతుల కంపు పోయేది కాదు. ఇరుగుపొరుగు నవ్వితే నవ్వనీ అనుకున్నాను. చిల్లులు మళ్లీ పూడుకోలేదు. మొక్కల మొదళ్లలో ఎండుగడ్డి కప్పాను. వానలు పడ్డాక ఆ గడ్డి ఎత్తి చూస్తే మన్ను పొడిపొడిగా చేతికొచ్చింది, అందులో వానపాములు కదులుతున్నాయి. అక్కడే కూర్చుని ఏడ్చాను.

గడువు నిండిన వారానికి బ్రోకరు కాగితాలతో సహా దిగాడు. నాయన అతన్ని వరసల మధ్యకు తీసుకెళ్లి, వంగి, గుప్పెడు మన్ను తీసి అతని అరచేతిలో పెట్టాడు. వానపాము మెసలగానే అతను చెయ్యి విదిలించాడు.

"బతికే ఉండాది" అన్నాడు నాయన. "అమ్మేది లేదప్పా, పోయిరా."